ఫోన్ సిగ్నల్‌తో వైరస్‌ని ఆపగలమా? సియోల్, తైనాన్, సింగపూర్ నేర్పిన పాఠాలు

మామూలుగా మనం ఫోన్ కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ప్రాసెసర్ వేడెక్కుతుందా అని మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం వేరే టాపిక్. 2020లో మన జేబులో ఉన్న ఇదే ఫోన్‌ని కొన్ని నగరాలు వైరస్‌ని వెతికే పరికరంగా మార్చేశాయి. బ్లూటూత్, సెల్ టవర్లు, క్యూఆర్ కోడ్‌లు, కార్డు స్వైపులు అన్నీ వాడేశాయి. వాటిలో ఏది పనిచేసింది, ఏది దెబ్బతింది, ఎందుకు అన్నది ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

దీని కోసం మూడు నగరాలు తీసుకుందాం: దక్షిణ కొరియాలోని సియోల్, తైవాన్‌లోని తైనాన్, ఆ తర్వాత సింగపూర్. మూడూ టెక్నాలజీలో ముందున్నవే, కానీ మూడూ మూడు రకాల డేటాని నమ్ముకున్నాయి. చివర్లో మన దేశం సంగతి, అందులో నేను చేసిన ఒక పని కూడా చెప్తాను.

ముందు బేసిక్స్: కాంటాక్ట్ ట్రేసింగ్ అంటే ఏంటి?

ఒకరికి అంటువ్యాధి వచ్చిందని తేలగానే, ఆయన గత కొన్ని రోజుల్లో ఎవరెవరిని కలిశారో కనుక్కుని, వాళ్లకి పరీక్ష చేసి, అవసరమైతే విడిగా ఉంచడమే కాంటాక్ట్ ట్రేసింగ్. ఇది కొత్త పద్ధతేమీ కాదు. స్మార్ట్‌ఫోన్లు రాకముందు నుంచీ ఆరోగ్య సిబ్బంది క్షయ లాంటి వ్యాధుల విషయంలో నోట్‌బుక్, పెన్ను పట్టుకుని చేస్తున్నదే.

కోవిడ్‌తో వచ్చిన చిక్కు ఏంటంటే, లక్షణాలు బయటపడక ముందే అది ఇంకొకరికి అంటుకుంటుంది. అంటే ట్రేసింగ్ టీమ్ వైరస్‌తో పరుగు పందెం పెట్టుకోవాలి. రెండు రోజులు ఆలస్యమైతే ఆ రెండు రోజుల్లో ఇంకో చైన్ మొదలవుతుంది. పైగా పోయిన మంగళవారం మెట్రోలో మీ పక్కన ఎవరు నిలబడ్డారని అడిగితే మనలో ఎవరం చెప్పగలం? మనిషి జ్ఞాపకంలో ఉన్న ఈ ఖాళీని డేటాతో నింపుదామన్నదే అన్ని నగరాల ఆలోచన.

సియోల్: డేటా మొత్తం ఒకే చోట

దక్షిణ కొరియాకి 2015లోనే ఒక దెబ్బ తగిలింది. మెర్స్ అనే వ్యాధి ఆసుపత్రుల్లో వ్యాపించి 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. ఏయే ఆసుపత్రుల్లో కేసులు ఉన్నాయో ప్రభుత్వం మొదట్లో బయటపెట్టలేదు. జనానికి కోపం వచ్చింది. ఆ తర్వాత చట్టం మార్చారు. పెద్ద అంటువ్యాధి వచ్చినప్పుడు రోగి ఫోన్ లొకేషన్, కార్డు లావాదేవీలు, సీసీటీవీ ఫుటేజ్ చూసే అధికారం ఆరోగ్య శాఖకి ఇచ్చారు. రోగి తిరిగిన దారిని ప్రజలకి చెప్పాలన్న నియమం కూడా పెట్టారు.

2020లో ఈ చట్టానికి ఒక సాఫ్ట్‌వేర్ తోడైంది. కొరియాలో అప్పటికే స్మార్ట్ సిటీల కోసం ఒక డేటా హబ్ తయారవుతోంది. ట్రాఫిక్, కరెంటు, పర్యావరణం లాంటి వివరాలు ఒక చోట చేర్చడానికి ఉద్దేశించింది అది. దాన్నే వాడి ఎపిడెమిక్ ఇన్వెస్టిగేషన్ సపోర్ట్ సిస్టమ్ కట్టి, 2020 మార్చి 26న మొదలుపెట్టారు. 3 టెలికాం కంపెనీలు, 22 క్రెడిట్ కార్డు కంపెనీలు దీనికి కనెక్ట్ అయ్యాయి. ఇంతకుముందు ఒక్కో సంస్థకి విడిగా రాసి, ఫోన్ చేసి వివరాలు తెప్పించుకోవడానికి ఒక రోజు పట్టేది. ఇప్పుడు ఒక రోగి తిరిగిన దారి మ్యాప్ మీద గీయడానికి 10 నిమిషాలు చాలని ప్రభుత్వం చెప్పింది.

ఇంజనీర్‌గా చూస్తే ఇది అదిరిపోయే సిస్టమ్. కానీ అందులో మనుషులు ఉన్నారు కదా, అసలు సమస్య అక్కడ వచ్చింది.

రోగి పేరు చెప్పకుండా వయసు, ఆడా మగా, ఎన్ని గంటలకి ఏ షాపులో ఉన్నారో మెసేజ్‌లుగా పంపేవాళ్లు. పేరు లేకపోయినా, ఈ మూడు వివరాలు కలిపితే ఆ వీధిలో ఉండే వాళ్లకి ఎవరో అర్థమైపోతుంది. ఆన్‌లైన్‌లో ఊహాగానాలు, వెక్కిరింతలు మొదలయ్యాయి. మార్చిలో అక్కడి జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇది అవసరానికి మించి ఉందని చెప్పింది. తర్వాత మార్గదర్శకాలు మార్చి, వెల్లడించే వివరాలు తగ్గించారు.

అసలు పరీక్ష మే నెలలో వచ్చింది. సియోల్‌లోని ఇతేవాన్ నైట్‌క్లబ్‌ల నుంచి ఒక క్లస్టర్ బయటపడింది. వాటిలో కొన్ని గే క్లబ్‌లని మీడియా రాసేసింది. కొరియాలో ఆ విషయం బయటపడితే ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో గొడవ అవ్వచ్చు. దాంతో అక్కడికి వెళ్లిన చాలామంది పరీక్షకి రావడానికే భయపడ్డారు. క్లబ్‌ల రిజిస్టర్లలో ఉన్న సుమారు 5,500 మందిలో దాదాపు 2,000 మంది ఫోన్‌కి దొరకలేదు. కొందరు తప్పు నంబర్లు రాశారు కూడా.

సియోల్ నగరం అప్పుడు రెండు పనులు చేసింది. ఒకటి, ఏప్రిల్ 24 నుంచి మే 6 మధ్య ఆ క్లబ్‌ల దగ్గర సెల్ టవర్లకి కనెక్ట్ అయిన 10,905 మంది లిస్ట్ టెలికాం కంపెనీల నుంచి తీసుకుని, పరీక్ష చేయించుకోమని వాళ్లకి మెసేజ్‌లు పంపింది. రెండోది, పేరు అడగకుండా పరీక్ష చేయడం మొదలుపెట్టింది. ఫోన్ నంబర్ ఇస్తే చాలు, పేరు బదులు ఒక కోడ్ రాస్తారు. దాని తర్వాత పరీక్షకి వచ్చేవాళ్లు బాగా పెరిగారు.

ఇక్కడ గమనించండి. టవర్ డేటా వల్ల ఎవరికి మెసేజ్ పంపాలో తెలిసింది. కానీ మెసేజ్ అందుకున్న మనిషి ఇంట్లోంచి లేచి పరీక్షకి రావాలంటే భయం పోవాలి. ఆ భయాన్ని తగ్గించింది పేరు అడగకపోవడమే, అంటే ఒక డేటా ఫీల్డ్‌ని ఖాళీగా వదిలేయడం.

సియోల్ అధికారులకే కాదు, మొత్తం కొరియాకి ఈ విషయం అర్థమైనట్టుంది. జూన్ 10న క్లబ్‌లు, బార్‌ల లాంటి చోట్ల క్యూఆర్ కోడ్ ఎంట్రీ తెచ్చినప్పుడు డిజైన్ మార్చారు. వ్యక్తి వివరాలు క్యూఆర్ ఇచ్చే కంపెనీ దగ్గర, ఎక్కడికి వెళ్లారన్న రికార్డు ప్రభుత్వ సంస్థ దగ్గర విడివిడిగా ఉంచారు. కేసు వచ్చినప్పుడే రెండూ కలుపుతారు. 4 వారాల తర్వాత ఆటోమేటిక్‌గా డిలీట్.

తైనాన్: మనుషుల్ని కాకుండా మాస్కుల్ని ట్రాక్ చేసిన నగరం

2020 ఫిబ్రవరి మొదట్లో తైవాన్‌లో మాస్కుల కొరత వచ్చింది. జనం ఒక షాపు నుంచి ఇంకో షాపుకి తిరుగుతున్నారు. తైనాన్ నగరంలో హోవార్డ్ వూ అనే ఇంజనీర్ ఏ షాపులో మాస్కులు ఉన్నాయో జనమే గుర్తుపెట్టేలా ఒక మ్యాప్ తయారుచేశారు. ఒక్కసారిగా వైరల్ అయింది. ఎంత వైరల్ అంటే, గూగుల్ మ్యాప్స్ ఏపీఐ బిల్లు వేల డాలర్లకి చేరింది. సైడ్ ప్రాజెక్ట్ చేసే ప్రతి డెవలపర్‌కీ పీడకల ఇది!

ఇది అప్పటి తైవాన్ డిజిటల్ మంత్రి ఆడ్రీ టాంగ్ దృష్టికి వెళ్లింది. ఫిబ్రవరి 6 నుంచి ఫార్మసీల్లో ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే మనిషికి వారానికి 2 మాస్కులు ఇచ్చే రేషన్ పద్ధతి మొదలైంది. దాంతో పాటు ఏ ఫార్మసీలో ఎన్ని మాస్కులు మిగిలాయో ఆ డేటాని ప్రభుత్వం ఓపెన్‌గా పెట్టేసింది. గవ్ జీరో అనే సివిక్ టెక్ కమ్యూనిటీ డెవలపర్లు, ఇంకా చాలామంది దాంతో మ్యాప్‌లు, చాట్‌బాట్‌లు, చూపు లేనివాళ్ల కోసం వాయిస్ అసిస్టెంట్లు కట్టారు.

ఈ పబ్లిక్ డేటాలో ఒక్క మనిషి పేరూ లేదు, లొకేషన్ లేదు. ఉన్నది ఫార్మసీ అడ్రస్, స్టాక్ నంబర్ మాత్రమే. అందుకే దాన్ని ధైర్యంగా అందరికీ ఇచ్చేయగలిగారు. ఎక్కడ తప్పున్నా ఎవరైనా చూసి చెప్పగలిగారు.

తప్పులు కూడా వచ్చాయి. కొన్ని ఫార్మసీల వాళ్లు పొద్దున్నే క్యూలో ఉన్నవాళ్లకి టోకెన్ నంబర్లు ఇచ్చేసి, సాయంత్రం మాస్కులు ఇచ్చేవాళ్లు. యాప్‌లో స్టాక్ ఉన్నట్టే కనిపిస్తుంది, వెళ్తే అయిపోయిందంటారు. విసిగిపోయిన ఫార్మసిస్టులు యాప్‌ని నమ్మకండి అని బోర్డులు పెట్టారట. దాంతో వాళ్లతో మాట్లాడి సిస్టమ్‌ని వాళ్ల పని తీరుకి తగ్గట్టు మార్చారు. కౌంటర్ దగ్గర నిలబడే మనిషిని అడగకుండా రాసిన సాఫ్ట్‌వేర్ మొదటి వారంలోనే దొరికిపోతుంది. మన ఆఫీసు ప్రాజెక్టుల్లోనూ ఇదే చూస్తుంటాం కదా.

సింగపూర్: బ్లూటూత్ ప్రయోగం

ఇప్పుడు గ్యాడ్జెట్ లవర్స్‌కి అసలైన భాగం. సింగపూర్ 2020 మార్చి 20న ట్రేస్‌టుగెదర్ యాప్ విడుదల చేసింది. ఇందులో జీపీఎస్ వాడలేదు, బ్లూటూత్ మాత్రమే.

అది ఎలా పనిచేస్తుందంటే:

- మీ ఫోన్ ఒక తాత్కాలిక ఐడీని బ్లూటూత్‌లో చుట్టూ పంపుతుంటుంది. అది కొన్ని నిమిషాలకోసారి మారిపోతుంది.
- పక్కనున్న ఫోన్ ఆ ఐడీని, సిగ్నల్ ఎంత బలంగా ఉందో, ఎంతసేపు ఉందో తనలోనే సేవ్ చేసుకుంటుంది. నిర్ణీత రోజులు దాటాక పాత డేటా పోతుంది.
- ఎవరికైనా పాజిటివ్ వస్తే, ఆయన ఫోన్‌లోని లాగ్‌ని ఆరోగ్య శాఖకి అప్‌లోడ్ చేస్తారు. ఆ ఐడీలు ఎవరివో డీక్రిప్ట్ చేసే కీ ఆరోగ్య శాఖ దగ్గరే ఉంటుంది. వాళ్ల సిబ్బంది ఫోన్ చేసి మాట్లాడతారు.

కాగితం మీద చక్కగా ఉంది. ప్రాక్టికల్‌గా మూడు అడ్డంకులు వచ్చాయి.

మొదటిది దూరం. బ్లూటూత్ దూరాన్ని కొలవదు, సిగ్నల్ బలాన్ని మాత్రమే చూపిస్తుంది. ఫోన్ మోడల్ మారితే యాంటెన్నా మారుతుంది, నంబర్ మారుతుంది. ఫోన్ వెనక జేబులో ఉంటే మన శరీరమే సిగ్నల్‌ని పీల్చేసుకుంటుంది. పలచటి గోడకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు పక్కపక్కన కూర్చున్నట్టే కనిపించవచ్చు. ఇందుకోసం సింగపూర్ టీమ్ వేర్వేరు ఫోన్లని కాలిబ్రేట్ చేసి, ఓపెన్‌ట్రేస్ పేరుతో కోడ్‌ని కూడా ఏప్రిల్‌లో ఓపెన్ సోర్స్ చేసింది.

రెండోది ఐఫోన్. బ్యాటరీ, ప్రైవసీ కోసం ఐఓఎస్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్‌లని బ్లూటూత్ ఇష్టమొచ్చినట్టు వాడుకోనివ్వదు. అంటే యాప్ స్క్రీన్ మీద తెరిచి ఉంచుకోవాలి. రోజంతా అలా ఎవరు పెట్టుకుంటారు? ఆపిల్, గూగుల్ కలిసి ఏప్రిల్ 10న ఒక పరిష్కారం ప్రకటించి, మే 20న విడుదల చేశాయి. కానీ వాళ్ల పద్ధతిలో మ్యాచింగ్ ఫోన్‌లోనే జరుగుతుంది, ఎవరు ఎవరిని కలిశారో ప్రభుత్వానికి తెలియదు. తమ ట్రేసింగ్ సిబ్బందికి ఆ సమాచారం కావాలని సింగపూర్ దాన్ని వద్దనుకుంది.

మూడోది ఫోన్ లేనివాళ్లు. దీనికి సింగపూర్ చేసిన పని నాకు బాగా నచ్చింది. జూన్ చివర్లో ట్రేస్‌టుగెదర్ టోకెన్ తెచ్చింది. మెడలో వేసుకునే చిన్న ప్లాస్టిక్ డివైస్, లోపల బ్లూటూత్ చిప్, నెలల తరబడి వచ్చే బ్యాటరీ. స్క్రీన్ లేదు, జీపీఎస్ లేదు, ఇంటర్నెట్ లేదు. ముందుగా పెద్దవాళ్లకి ఇచ్చారు. దాంట్లో రహస్యంగా ఇంకేమైనా ఉందా అన్న అనుమానం పోగొట్టడానికి, హార్డ్‌వేర్ హ్యాకర్‌గా పేరున్న బన్నీ హువాంగ్ లాంటి బయటి నిపుణుల్ని పిలిచి, వాళ్ల చేతికిచ్చి విప్పి చూడమన్నారు. ప్రభుత్వమే టియర్‌డౌన్ చేయించిందన్నమాట!

ఈ ప్రాజెక్టుని నడిపించిన జేసన్ బే ఏప్రిల్‌లోనే ఒక మాట స్పష్టంగా రాశారు. మనుషులు చేసే ట్రేసింగ్‌ని పక్కనపెట్టి ఆ పని తనే చేసేయగల బ్లూటూత్ సిస్టమ్ ప్రపంచంలో ఎక్కడా సిద్ధంగా లేదని ఆయన అభిప్రాయం. యాప్ తయారుచేసిన మనిషే అలా చెప్పడం గొప్ప విషయం.

రాడార్‌కి కనపడని గదులు

యాప్ వచ్చిన కొద్ది వారాలకే సింగపూర్‌లో పెద్ద విస్ఫోటం జరిగింది, అదీ వలస కార్మికుల డార్మిటరీల్లో. భారత్, బంగ్లాదేశ్ లాంటి దేశాల నుంచి వెళ్లి భవనాలు కట్టే, ఓడలు బాగుచేసే 3 లక్షల మందికి పైగా కార్మికులు ఈ డార్మిటరీల్లో ఉంటారు. ఒక్కో గదిలో బంకు మంచాల మీద పది, ఇరవై మంది. బాత్రూమ్‌లు, వంటగదులు అందరికీ కలిపే. 2020 డిసెంబర్‌లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం డార్మిటరీల్లో ఉన్నవాళ్లలో సుమారు 47 శాతం మందికి అప్పటికే వైరస్ సోకింది.

ఇక్కడ ఏ బ్లూటూత్ ఏం చేస్తుంది? ఒకే గదిలో ఇరవై మంది పడుకుంటే ఎవరు ఎవరికి దగ్గరగా ఉన్నారో చెప్పడానికి సెన్సర్ అక్కర్లేదు. అక్కడ పనికొచ్చినవి పెద్దెత్తున పరీక్షలు, కార్మికుల్ని వేరే భవనాల్లోకి మార్చడం, డాక్టర్లని అక్కడికే పంపడం. నగరం ఎంత స్మార్ట్ అయినా, చూడాలనుకోని చోటుని సెన్సర్ చూపించదు. డార్మిటరీల ఇరుకు సంగతి 2020కి ముందు నుంచీ అందరికీ తెలిసిందే.

ఒక్క ప్రకటన, పోయిన నమ్మకం

ట్రేస్‌టుగెదర్ డేటా కాంటాక్ట్ ట్రేసింగ్‌కి మాత్రమే వాడతామని మొదట్లో మంత్రులు చెప్పారు. జనం నమ్మారు. 2021 జనవరి నాటికి 42 లక్షల మందికి పైగా, అంటే జనాభాలో దాదాపు 78 శాతం మంది యాప్ గానీ టోకెన్ గానీ వాడుతున్నారు. ట్రేసింగ్‌కి పట్టే సమయం సగటున 4 రోజుల నుంచి ఒకటిన్నర రోజుకన్నా తగ్గిందని ప్రభుత్వం చెప్పింది. అంటే సిస్టమ్ నిజంగానే పనిచేస్తోంది.

సరిగ్గా అప్పుడే, జనవరి 4న, నేర విచారణ చట్టం కింద పోలీసులు కూడా ఈ డేటాని తీసుకోవచ్చని పార్లమెంటులో చెప్పారు. ఒక హత్య కేసులో వాడారని కూడా తేలింది. జనం మోసపోయినట్టు ఫీలయ్యారు. కోడ్ మారలేదు, ఎన్‌క్రిప్షన్ విరగలేదు, హ్యాక్ అవ్వలేదు. అయినా డేటా బయటికి వెళ్లే దారి చట్టంలో మొదటి నుంచీ ఉంది.

తప్పు జరిగిందని ఒప్పుకుని, ఫిబ్రవరి 2న కొత్త చట్టం చేశారు. హత్య, ఉగ్రవాదం లాంటి 7 రకాల తీవ్రమైన నేరాలకి మాత్రమే ఈ డేటా వాడొచ్చని పరిమితి పెట్టారు. 2023 ఫిబ్రవరిలో సిస్టమ్‌ని మూసేసి, ఆ ఒక్క హత్య కేసుకి సంబంధించిన డేటా తప్ప మిగతాదంతా డిలీట్ చేశామని ప్రకటించారు. టోకెన్లని వెనక్కి తీసుకున్నారు. ఆఫ్ చేయడం కూడా ఒక ఫీచరే అని నేను అనుకుంటాను. చాలా ప్రభుత్వ యాప్‌లకి అది ఉండదు.

మన దగ్గర, నా దగ్గర

మన ఆరోగ్య సేతు 2020 ఏప్రిల్ 2న వచ్చింది. బ్లూటూత్‌తో పాటు లొకేషన్ కూడా తీసుకునేది. డేటా ఎవరు ఎంతకాలం ఉంచుకోవచ్చో చెప్పే ప్రోటోకాల్ మే 11న, ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ మే 26న వచ్చాయి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి 1921 నంబర్‌తో కాల్ సర్వీస్ పెట్టారు. మంచివే, కానీ యాప్ కోట్ల ఫోన్లలోకి వెళ్లాక వచ్చాయి. ముందు వస్తే బాగుండేది.

ఇక నా సంగతి. 2021 మేలో నేను బెంగళూరులో ఉన్నాను. అప్పట్లో 18 నుంచి 44 ఏళ్ల వాళ్లు వ్యాక్సిన్ కోసం ఆన్‌లైన్‌లోనే స్లాట్ బుక్ చేసుకోవాలి. పబ్లిక్ ఏపీఐ ఉంది, ఒక ఐపీ నుంచి 5 నిమిషాలకి 100 రిక్వెస్టుల లిమిట్. నేనూ నా రూమ్మేటూ కలిసి పైథాన్‌లో స్క్రిప్ట్ రాశాం. స్లాట్ ఓపెన్ అవ్వగానే టెలిగ్రామ్‌లో అలర్ట్ వస్తుంది. రెండో రోజే స్లాట్ దొరికింది, సిటీకి 60 కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో. భలే హ్యాపీగా బైక్ మీద వెళ్లాం.

అక్కడ పొద్దున్నుంచి నిలబడ్డ ఊరివాళ్లు ఉన్నారు. సిస్టర్ లిస్ట్ చూసి పిలుస్తున్నారు. పిలిచిన వాళ్లంతా మాలాగే బ్యాగులు తగిలించుకుని సిటీ నుంచి వచ్చినవాళ్లే. పాల క్యాన్ పక్కన పెట్టుకుని నిలబడ్డ ఒకాయన, నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడేమో, "అది ఎలా బుక్ చేయాలి సార్?" అని కన్నడలో అడిగాడు. చూపిద్దామని ఆయన ఫోన్ అడిగితే జేబులోంచి బటన్ ఫోన్ తీశాడు. నా ఫోన్‌లో చూస్తే స్లాట్లు అయిపోయాయి. మేం వ్యాక్సిన్ వేయించుకుని వచ్చేశాం.

నేనేం రూల్ తప్పలేదు. స్క్రిప్ట్ కూడా బాగానే పనిచేసింది. కానీ ఆ రోజు ఆ ఊరికి వచ్చిన డోసుల్లో రెండు మా చేతికి ఎక్కాయి, ఆయన ఖాళీగా వెళ్లిపోయాడు. ఆ నెల 24న ప్రభుత్వ కేంద్రాల్లో ఈ వయసు వాళ్లకి కూడా నేరుగా వచ్చి రిజిస్టర్ చేయించుకునే అవకాశం ఇచ్చారు. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే.

ఇంకోసారి ఇలాంటి యాప్ వస్తే ఏం చూడాలి?

ఇంకో అంటువ్యాధి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, దాంతో పాటు ఇంకో యాప్ కూడా. అప్పుడు ఈ ఐదు చూడండి:

1. ఏం తీసుకుంటోంది? బ్లూటూత్ చాలిన చోట లొకేషన్ ఎందుకు? ఒక టెక్నికల్ విషయం: ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు బ్లూటూత్ స్కాన్ చేయాలన్నా లొకేషన్ పర్మిషన్ అడగాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ 12 నుంచి నియర్‌బై డివైసెస్ అని విడిగా ఉంది. కాబట్టి కొత్త ఫోన్‌లో లొకేషన్ అడిగితే కారణం చెప్పాల్సిందే.
2. ఎక్కడ ఉంచుతోంది? ఫోన్‌లోనా, సర్వర్‌లోనా, రెండు చోట్ల విడగొట్టా?
3. చట్టం ఏం చెప్తోంది? ప్రైవసీ పాలసీ పేజీ సరిపోదని సింగపూర్ నేర్పింది.
4. ఎప్పుడు డిలీట్ చేస్తారు? ఎప్పుడు మూసేస్తారు? తేదీ ఉందా?
5. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి ఏంటి దారి? టోకెనా, ఫోన్ కాలా, నేరుగా వచ్చే క్యూనా?

మనలో చాలామంది రేపు ఇలాంటి యాప్‌లు కట్టే టీముల్లోనే ఉంటాం. మూడు నగరాలూ చూశాక నాకు అర్థమైంది ఇది: అంటువ్యాధి వచ్చినప్పుడు జనం తమంతట తాము ముందుకు రావాలి, పరీక్ష చేయించుకోవాలి, నిజం చెప్పాలి. వాళ్లు అలా వచ్చేలా చేసిన డిజైన్ గెలిచింది, వాళ్లని భయపెట్టిందో, పట్టించుకోలేదో ఆ డిజైన్ ఎంత స్మార్ట్‌గా ఉన్నా తడబడింది. అందుకే ఈసారి డిజైన్ రివ్యూలో కూర్చున్నప్పుడు ఐదో ప్రశ్నని మొదట అడగండి. నేను అడుగుతున్నాను.